బీమా బ్రోకరు ఎవరి మనిషి?

సిద్దిపేట, గజ్వేల్, మెదక్ వైపు నుంచి వచ్చి జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి, సికింద్రాబాద్‌లో బీమా చేయించుకుని వెళ్లేవారున్నారు. ట్రాక్టరుకో, ఇంటిల్లిపాది ఆసుపత్రి ఖర్చులకో పాలసీ తీసుకుంటారు. కాగితాలు తానే రాసిపెడతానన్నవాడి చేతిలో డబ్బు పెట్టి బస్సెక్కుతారు. అతను ఏజెంటా, బ్రోకరా అని అడిగేవారు తక్కువ. అడగనందువల్ల నష్టం ఆనాడు తెలియదు. మనిషి ఆసుపత్రి మంచమెక్కినప్పుడు తెలుస్తుంది.

బ్రోకరు అనగానే పల్లెవాసికి మార్కెట్ యార్డులో రెండువైపులా కమీషను తినే దళారి గుర్తుకొస్తాడు. బీమాలో ఈ మాటకు అర్థం వేరు. 1956లో ఎల్ఐసీ ఏర్పడిన తర్వాత దశాబ్దాల తరబడి జనానికి తెలిసింది ఏజెంటు ఒక్కడే. అతను కంపెనీ తరఫు మనిషి. 2002లో వచ్చిన నిబంధనలతో లైసెన్సు పొందిన బ్రోకర్లు రంగంలోకి వచ్చారు. బ్రోకరు కొనేవారి తరఫున పనిచేయాలి, పలు కంపెనీల పాలసీలు పోల్చి చూపాలి. అయితే అతనికీ కమీషను ఇచ్చేది కంపెనీయే. కనుక రెండు మూడు కంపెనీల ధరలు, షరతులు కాగితం మీద రాసిమ్మనడం మేలు. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. రిజిస్ట్రేషను ఉన్న బ్రోకర్ల జాబితా దాని వెబ్‌సైటులో చూడవచ్చు. చదువుకున్న పిల్లలున్న ఇంట అది పెద్ద పని కాదు.

అసలు చిక్కు దరఖాస్తు దగ్గర వస్తోంది. బీపీ, షుగరు ఉన్నాయని రాస్తే ప్రీమియం పెరుగుతుందని మధ్యవర్తి "లేవు" అని రాస్తాడు. సంతకం మాత్రం రైతుది. రేపు క్లెయిము తిరస్కరిస్తే ఆ సంతకమే సాక్ష్యం. నిజానికి దాచడం వల్ల ఒరిగేది లేదు. 2024 నిబంధనల ప్రకారం, వెల్లడించిన పాత జబ్బులకు ఆరోగ్య బీమాలో నిరీక్షణ కాలం మూడేళ్లకు మించరాదు. ఖాళీ ఫారం మీద సంతకం చేయించుకునేవారి దగ్గర బీమా తీసుకోకపోవడమే క్షేమం. నింపిన ఫారం నకలు అడిగి తీసుకోవాలి.

మొదటి ప్రీమియంలో కొంత వెనక్కి ఇస్తామని ఆశపెట్టేవారూ ఉన్నారు. 1938 బీమా చట్టం 41వ సెక్షను ప్రకారం అలా ఇవ్వడమూ తప్పే, పుచ్చుకోవడమూ తప్పే.

జీవిత బీమా, ఆరోగ్య బీమా పాలసీ చేతికందిన 30 రోజుల్లోగా నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆరోగ్య పాలసీ వివరాల పత్రాన్ని కోరినవారికి స్థానిక భాషలో ఇవ్వాలని కూడా నిబంధన ఉంది. అడగనిదే ఎవరూ ఇవ్వరు. తెలుగులో ఇమ్మని గట్టిగా అడగాలి.

క్లెయిము కాదంటే బ్రోకరు తోడు నిలవాలి, కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా హైదరాబాదు లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. పల్లెల ప్రీమియంతో కమీషను అందుకునే సికింద్రాబాద్ బ్రోకర్లు ఈ చిరునామాను పాలసీతోపాటే రాసిచ్చి పంపాలి.