మా అమ్మతో మాట్లాడటానికి కూడా లైసెన్సు కావాలా?



మా ఊళ్ళో ఒక బండ ఉంది. దాని అసలు పేరు ఇప్పుడు ముసలాళ్ళకే గుర్తు. మిగతా అందరికీ అది సిగ్నల్ బండ. ఊరి నుంచి ముప్పావు గంట ఎక్కుడు. పైకెక్కి ఫోను తూర్పుకి తిప్పి పట్టుకుంటే ఒక గీత వస్తుంది, గాలి మళ్ళితే అదీ పోతుంది. పోయిన వానాకాలం మా వదినకి రాత్రిపూట నొప్పులొస్తే డోలీ కట్టడానికి పట్టిన టైం కంటే, అంబులెన్సుకి కబురు పెట్టడానికి బండెక్కి దిగిన టైమే ఎక్కువ. అన్నేమో పోడు కాడ మంచె మీద ఉన్నాడు. అతనికి తెల్లారాకే తెలిసింది. మధ్యలో ఉన్నది ఒక్క గెడ్డ, రెండు కిలోమీటర్లు.

ఇదే కొండల్లో పోలీసు క్యాంపు కాడికి పోయి చూడండి. మాన్‌ప్యాక్ సెట్టు ఉంటది, కొండ మీద రిపీటర్ ఉంటది. కొండలు అడ్డం, ఇక్కడ కమ్యూనికేషన్ సాధ్యం కాదు అని మనకి చెప్పే ఆఫీసర్లకి ఆ కొండలు అడ్డం రావు. అంటే సాధ్యం కాక కాదు, మనకి ఇవ్వడం ఇష్టం లేక.

రిపీటర్ అంటే ఏదో బ్రహ్మవిద్య అనుకోకండి. లోయలో ఉన్న చేతి సెట్టు మాట కొండ దాటదు, ఎందుకంటే ఆ తరంగాలు దాదాపు చూపులాగా తిన్నగా పోతాయి. శిఖరం మీద ఒక పెట్టె పెడితే అది ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా తిరిగి చెబుతుంది. అవతలి లోయకి వినిపిస్తుంది. యాంటెన్నా, బ్యాటరీ, సోలార్ పలక. అంతే. పాత రోజుల్లో ఈ కొండ మీద డప్పు కొడితే పక్క కొండోడు అందుకొని మళ్ళీ కొట్టేవాడు కదా, అదీ ఇదే పని.

మరెందుకు పెట్టుకోలేం? 1933లో తెల్లోడు చేసిన చట్టం వైర్‌లెస్ సెట్టు దగ్గర పెట్టుకోవడానికే లైసెన్సు కావాలంది. 2023లో కొత్త టెలికం చట్టం వచ్చింది, అనుమతి అడుక్కునే తీరు మాత్రం పోలేదు. 2018 నిబంధనల్లో ఒక సందు ఉంది: 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చిన్న సెట్లకి లైసెన్సు అక్కర్లేదు. మైదానంలో పెళ్ళి మండపానికీ, షాపింగ్ మాల్‌కీ అవి సరిపోతాయి. మన దగ్గర మొదటి మలుపులోనే మూగబోతాయి. వాటికి రిపీటర్ తగిలిస్తే ఆ మినహాయింపు వర్తించదు. హామ్ లైసెన్సు తీసుకోండి అంటారు కొందరు సారులు. మంచి విద్యే. 2004 సునామీలో అండమాన్ నుంచి బయటికి కబుర్లు మోసింది హామ్ రేడియోలే. చదువుకున్న మన పిల్లలు ఆ పరీక్ష రాయాలి కూడా. కానీ హామ్ లైసెన్సు ఉన్నవాళ్ళు లైసెన్సు ఉన్నవాళ్ళతోనే మాట్లాడాలి. మా అమ్మ పరీక్ష రాసి పాసైతే తప్ప, సంత నుంచి ఎప్పుడొస్తావే అని నేను అడగకూడదన్నమాట!

ఇంక ఆన్‌లైన్లో చవగ్గా దొరికే సెట్లు. ఇక్కడ మన కుర్రాళ్ళకి గట్టిగా చెప్తున్నా, కొనకండి. పట్నంలో అది బొమ్మ. అడవిలో మన చేతిలో అది కేసు. ఏ కేసు పెడతారో నేను చెప్పక్కర్లేదు. లైసెన్సు లేని సెట్టు ఒక్కటి దొరికినా ఊరి మొత్తం మీద మచ్చ పడుద్ది. మనం దొంగచాటుగా మాట్లాడాలని కోరుకోవడం లేదు. పేరు రాసి, ఫ్రీక్వెన్సీ రాసి, బహిరంగంగా అడుగుతున్నాం. పోలీసులు వింటారా? విననివ్వండి. ఆవు దొరికిందా, గుంటడికి జ్వరం తగ్గిందా, ఇవేగా మా రహస్యాలు.

టవర్ వస్తుంది ఆగండి అనేవాళ్ళకి ఒక మాట. టవర్ రావాలి, దాన్ని వదులుకోం. కానీ గాలివానకి కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, మూడు రోజులు నోరు మూసుకున్న టవర్లని చూశాం. బాగు చేసేవాడు ఎక్కడో పట్నంలో. రిపీటర్ అయితే ఊళ్ళో ఐటీఐ చదివిన పిల్ల ఎక్కి చూసుకుంటది.

చట్టం మన వైపు లేదా అంటే ఉంది. అటవీ హక్కుల చట్టం, 2006, సెక్షన్ 3(2) తీసి చదవండి. ఊరికి కావాల్సిన 13 సౌకర్యాల్లో టెలికమ్యూనికేషన్ లైన్లు ఉన్నాయి. ఒక్కో దానికి హెక్టారు లోపు అటవీ భూమి, గ్రామసభ సిఫార్సుతో. రేడియో పెట్టె లైను కాదు అని ఆఫీసులో వాదిస్తారు, తెలుసు. వాదించనివ్వండి, రాతపూర్వకంగా.

అందుకే వచ్చే గ్రామసభలో తీర్మానం పెడుతున్నాం. శిఖరం మీద రిపీటర్‌కి స్థలం. గ్రామసభ పేరు మీద ఒకే లైసెన్సు, ఫీజు, రాయల్టీ లేకుండా. ఆశా కార్యకర్తకి, ఆశ్రమ పాఠశాలకి, సంత కాడ ఒకరికి, ప్రతి గూడేనికి ఒక్కో సెట్టు. నకళ్ళు ఐటీడీఏ పీఓ గారికి, కలెక్టర్ గారికి, ఢిల్లీలో వైర్‌లెస్ అనుమతులిచ్చే విభాగానికి. అందినట్టు సంతకం, తేదీ తీసుకునే కదులుతాం. మీ ఊళ్ళో కూడా పెట్టండి. ముసాయిదా కావాలంటే ఈ పేజీకి మెసేజ్ చేయండి. నేను బండెక్కినప్పుడు చూసి పంపిస్తా.