రన్‌వే ఉంది... టికెట్టే లేదు!

అనంతపురం సీమలో జనం తలెత్తి ఆకాశంలోకి చూసేది మబ్బు కోసం. దేశంలో జైసల్మేర్ తర్వాత వాన బాగా తక్కువ పడే చోటని పేరు మరి! అలాంటి నేలమీద, చిత్రావతి ఒడ్డునున్న పుట్టపర్తిలో 1990 నవంబరు 24న విమానాశ్రయం మొదలైంది. ఆ ఊరికి రైల్వేస్టేషన్ వచ్చింది 2000లో. అంటే, రైలుకన్నా పదేళ్లముందే విమానం వచ్చేసిందన్నమాట!

కట్టించింది ప్రభుత్వం కాదు, సత్యసాయి సెంట్రల్ ట్రస్టు. జిల్లాలో ఏడువందలకు పైగా ఊళ్లకు తాగునీళ్లు తెప్పించిన ట్రస్టూ అదే. నీళ్లు ఇంటింటికీ చేరాయి. విమానమే మామూలు జనానికి అందలేదు. ఒకప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాలు దిగేవి. దేశదేశాల భక్తులు ప్రత్యేక విమానాల్లో వచ్చేవారు. 2025 నవంబరులో బాబా శతజయంతికి ప్రధాని, రాష్ట్రపతి పుట్టపర్తికి వచ్చారు. పండగనాడు సందడి సరే, మిగతా రోజుల్లో సీట్లు నింపేదెవరు? రోజూ టికెట్ కొనుక్కుని ఎక్కే సర్వీసు అక్కడ నిలబడలేదు.

మరి కదిరి నుంచి గల్ఫ్‌కు వెళ్లే మనిషి ఏం చేస్తాడు? అట్టపెట్టెలు, తాళ్లు కట్టిన సూట్‌కేసులు జీపుకెక్కించి దేవనహళ్లి దారి పడతాడు. సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వెంట. 2008 మేలో బెంగళూరు కొత్త విమానాశ్రయం నగరానికి ఉత్తరాన, హైదరాబాద్ రహదారి మీద తెరుచుకుంది. అంత దూరమేంటని బెంగళూరువాళ్లు విసుక్కున్నారు గానీ, హిందూపురం వాళ్లకు అది కలిసొచ్చింది. పేరుకు కర్ణాటకదే అయినా, నిజానికి అనంతపురానికి విమానాశ్రయం వచ్చింది ఆ రోజునే!

ఇక్కడే ఓ మెలిక ఉంది. దేవనహళ్లి విమానాశ్రయం కట్టినవాళ్లతో కేంద్రం చేసుకున్న ఒప్పందం ప్రకారం, ఇరవై అయిదేళ్లపాటు 150 కిలోమీటర్ల గగనదూరంలో మైసూరు, హసన్ తప్ప మరే విమానాశ్రయాన్నీ అంతర్జాతీయ స్థాయికి పెంచకూడదు. పుట్టపర్తి ఆ గీతలోపలే ఉంది.

దేశంలోపలి విమానాల మాట వేరు. 2017లో ఉడాన్ పథకం కింద కడప-హైదరాబాద్ సర్వీసు మొదలైంది. ఖాళీ సీట్ల నష్టంలో కొంత ప్రభుత్వం భరిస్తేనే చిన్న ఊళ్లకు విమానం వస్తుంది. కడపకు దొరికిన ఆ ఊతం పుట్టపర్తికీ అవసరమే. కాకపోతే ట్రస్టు స్థలంలో ప్రజల సర్వీసు నడపాలంటే ఖర్చెవరిది, అజమాయిషీ ఎవరిదన్నది ముందు తేలాలి.

సరుకుకైతే దారి దొరికింది... అదీ పట్టాలమీదే. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటిగెలలు రైలెక్కి ముంబయి రేవుకు, అక్కణ్నుంచి ఇరాన్‌కు బయల్దేరాయి. సెప్టెంబరులో అనంతపురం పండ్లు కిసాన్ రైల్లో ఢిల్లీ వెళ్లాయి.

బెంగళూరు ఒప్పందం గడువు తీరేది 2033లో. అప్పటిదాకా గల్ఫ్ వెళ్లేవాళ్ల జీపులు దేవనహళ్లికే!