చమురు డబ్బా – చట్టం – కూలివాడు

ముండ్లమూరు మండలంలో సాగర్ కుడికాలువ చివరి భూముల రైతుకు నీళ్లు తూము దాకా వస్తే చేలోకి ఎక్కవు. వాగులోనో, బోదెలోనో నిలిచిన నీటిని ఆయిలింజను పెట్టి తోడుకోవాలి. మిరపకు మందు కొట్టాలంటే పెట్రోలు స్ప్రేయరు కావాలి. ఇంజనును నెత్తిన పెట్టుకొని బంకుకు పోలేం గదా! చమురే డబ్బాలో ఇంటికి రావాలి.

వచ్చిన చమురు ఎక్కడ ఉంటున్నది? మంచినీళ్ల సీసాలో పెట్రోలు, ఖాళీ పురుగుమందు డబ్బాలో డీజిలు. అదీ ఒంటిగది ఇంట్లో, పొయ్యికి నాలుగడుగుల దూరంలో. పసివాడు దాహమై సీసా ఎత్తితే ఎవరు జవాబుదారీ?

పెట్రోలు చలికాలంలో కూడా ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు. నేల వెంట పాకిపోయి పొయ్యి దగ్గర అంటుకొని వెనక్కి వస్తుంది. డీజిలు అంత తొందరగా అంటుకోదు. కానీ గోనెసంచిలోకో, బట్టలోకో ఇంకితే వత్తిలాగా మండుతుంది.

చట్టం ఏమంటున్నది? 1934 పెట్రోలియం చట్టం ప్రకారం, అమ్మకానికి కాకుండా 30 లీటర్ల వరకు పెట్రోలు ఉంచుకొనేందుకు లైసెన్సు అక్కర్లేదు. మూత గట్టిగా బిగిసే పాత్రలో ఉండాలి. గాజు సీసా, జాడీ అయితే లీటరుకు, లోహపు డబ్బా అయితే 25 లీటర్లకు మించరాదు. డీజిలు 2,500 లీటర్ల దాకా ఉన్నా లైసెన్సు లేదు. ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు దాటకూడదు. అంటే డబ్బాతో వచ్చే పేద రైతు దొంగ కాడు. చట్టమే అతనికి చోటిచ్చింది.

కానీ జరిగేది వేరు. 2024 మేలో పోలింగు గొడవల తర్వాత పక్కనున్న పల్నాడులో సీసాల్లో, డబ్బాల్లో పెట్రోలు పోయవద్దని బంకులకు ఆదేశాలు వెళ్లాయి. తగలబెట్టే వాణ్ణి ఆపాల్సిందే; కాదనం. అయితే చేను ఎండిపోతున్న వాడు ఏం చేయాలి? బంకు తిప్పి పంపితే బడ్డీకొట్టులో ఎక్కువ ధర పెట్టి కల్తీ చమురు కొంటాడు. దాచుకోవటం ఇంకా ఎక్కువవుతుంది, ప్రమాదమూ ఎక్కువవుతుంది.

ఇందులో ముందు కాలేది కూలివాడి చెయ్యే. గొట్టం నోట్లో పెట్టి డీజిలు లాగమనేది అతన్నే. ఆ చమురు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మింగిన వాడికి వాంతి చేయించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. వేడిగా ఉన్న ఇంజనులో చమురు పోయవద్దు. మూసిన కొట్టంలో ఇంజను నడపవద్దు, ఆ పొగ వాసన తెలియకుండానే చంపుతుంది. మంటపై నీళ్లు పోస్తే చమురు నీటి మీద తేలి మంట పరుచుకుంటుంది. ఇసుక, మట్టి చల్లండి. డబ్బాను ఇంటికి దూరంగా, నీడన, పిల్లలకు అందకుండా ఉంచండి. బండి మీద పెట్టి నింపవద్దు, నేల మీద దించి నింపండి.

జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటే సరిపోదు. కరెంటు మోటారు ఉన్న రైతుకు 2004 నుంచి ఉచిత విద్యుత్తు అందుతున్నది. ఇంజను రైతు మాత్రం కేంద్రం సుంకం, రాష్ట్రం వ్యాటు రెండూ కట్టి నీళ్లు తోడుకుంటున్నాడు. అతను ఎక్కువగా కౌలుదారు, పాసుపుస్తకంలో పేరుండదు.

అందుకే అడుగుతున్నాం. కౌలు గుర్తింపు కార్డు ఉన్నా, లేకున్నా, సాగుచేసే వాడికి గ్రామ సచివాలయం ధ్రువీకరణతో లోహపు డబ్బాలో చమురు పోయాలి. డబ్బాలు సబ్సిడీపై ఇవ్వాలి. చమురు పనిలో గాయపడిన కూలీకి వైద్యం, పరిహారం ఆసామి, ప్రభుత్వం కలిసి భరించాలి. అన్నిటికన్నా ముందు కాలువ చివరి భూములకు నీళ్లు చేర్చాలి. నీళ్లు వస్తే డబ్బా అవసరమే తగ్గుతుంది.

కూలీలు, కౌలు రైతులు ఈ కోర్కెలను వచ్చే గ్రామసభలోనే పెట్టాలి. గుడిసె కాలిన తర్వాత వచ్చే అధికారి మనకు వద్దు, కాలకముందే రావాలి.