తెరపై స్పష్టం, కాగితంపై మసక: రీసర్వే పటాలు రైతుకు అక్కరకొచ్చేనా?

వల్లూరు: భూముల కొలత ఎంత కచ్చితంగా జరిగినా, ఆ కొలత కాగితం మీదికి ఎక్కేటప్పుడు చెదిరిపోతే రైతుకు ఒరిగేదేమిటి? రీసర్వే పటాల విషయంలో రైతాంగం అడగవలసిన ప్రశ్న ఇది.

కొలత మన సీమకు కొత్త కాదు. 1800లో దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 33 అడుగుల గొలుసుతో ఇక్కడి పొలాలను కొలిపించాడు. ఆ తర్వాతి కాలపు సర్వేల్లో ఎఫ్.ఎం.బి.లు వచ్చాయి. పాత గ్రామ పటం మైలుకు 16 అంగుళాల లెక్కన గీసినది. పటంపై ఒక మిల్లీమీటరు అంటే పొలంలో దాదాపు 13 అడుగులు. గీత మందమే గట్టును మింగేస్తుంది! అందుకే హద్దు తేల్చడానికి గీతను కాక, ఎఫ్.ఎం.బి.లో వేసిన లింకుల అంకెలనే చూసేవారు.

2020 డిసెంబరు 21న అప్పటి కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో ప్రారంభమైన రీసర్వేతో గొలుసు స్థానంలో డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. సర్వే నంబరుకు బదులు ఎల్.పి.ఎం. నంబరు వచ్చింది. విస్తీర్ణం తగ్గిందనీ, ఉమ్మడి నంబర్లు వేశారనీ 2024 గ్రామసభల్లో ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వాటి మంచిచెడ్డలు అటుంచి, తగ్గిందో లేదో తేల్చుకోవాలన్నా రైతు చేతిలో చదవదగిన పటం ఉండాలి కదా!

చిక్కంతా ఇక్కడే ఉంది. కంప్యూటరులో పటం గీతలుగా, ఆ గీతల కొసల స్థానాలుగా ఉంటుంది. ఎంత పెద్దది చేసినా చెదరదు. దానిని ఫొటోగా మార్చగానే చుక్కలుగా మారిపోతుంది. అంగుళానికి 96 చుక్కల చొప్పున తీసిన ఫొటోను 1:2000 స్కేలులో అచ్చు వేస్తే, ఒక్కొక్క చుక్క పొలంలో 53 సెంటీమీటర్లకు సమానం. వంద మీటర్ల గట్టు వెంబడి ఒక్క చుక్క అటూ ఇటూ అయితే సెంటుకు పైగా నేల మాట. అదే అంగుళానికి 300 చుక్కలైతే తేడా 17 సెంటీమీటర్లకు దిగుతుంది.

అంకెల గతి మరీ అధ్వాన్నం. మసక ముద్రణలో 38.6 కాస్తా 33.6గా కనిపిస్తే అయిదు మీటర్లు పోయినట్లే. గట్టు తగాదాలు ఇంతకన్నా చిన్న తేడాకే కోర్టుకెక్కిన ఊళ్లు మనవి. పెన్నా ఒడ్డున రాళ్లు కొట్టుకుపోయిన చోట ఇక కాగితమే సాక్షి.

కనుక వాట్సాప్‌లో ఫొటోగా పంపిన పటాన్ని అచ్చు వేయించి దాచుకోవడం దండగ. పి.డి.ఎఫ్.నే డాక్యుమెంటుగా తెప్పించుకోవాలి. అచ్చు వేసేవారిని నూరు శాతం సైజులోనే వేయమని అడగాలి. కాగితానికి సరిపోయేలా యంత్రం కుదిస్తే, కింద 1:2000 అని అలాగే ఉంటుంది గాని పటం మాత్రం ఆ స్కేలులో ఉండదు. పటంలోనే స్కేలు పట్టీ గీసి ఉంటే అదీ పటంతో పాటే కుదిస్తుంది గనుక మోసం లేదు.

ఊరి పటానికి ఏ-4 కాగితం బొత్తిగా చాలదు. మూడు కిలోమీటర్ల పొడవున్న గ్రామానికి ఇదే స్కేలులో మీటరున్నర కాగితం కావాలి. ప్రొద్దుటూరులో పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు అంతకు రెండింతల ఫ్లెక్సీలు వేయిస్తున్నాం. సచివాలయం గోడకు ఊరి పటం ఒకటి ఆ సైజులో వేయించి తగిలించమని వచ్చే గ్రామసభలో రైతులు అడగవచ్చు.