171 ఓట్ల లెక్క ఎవరు చెప్పాలె?

2018 డిసెంబర్ 11న ఆసిఫాబాద్ అసెంబ్లీ ఫలితం వచ్చింది. కాంగ్రెస్ నుంచి నిలబడ్డ ఆత్రం సక్కుకు 65,788 ఓట్లు. టీఆర్ఎస్ నుంచి నిలబడ్డ కోవ లక్ష్మికి 65,617. తేడా 171. మన గోలేటి, రెబ్బెన మొదలుకొని వాంకిడి, కెరమెరి, తిర్యాణి, జైనూర్ దాకా పరుచుకున్న ఇంత పెద్ద నియోజకవర్గానికి ఎమ్మెల్యే ఎవరో తేల్చింది ఆ 171 ఓట్లే. పోలింగ్ బూతుకు ఒక్క ఓటు చొప్పున లెక్కేసినా అంతకన్న ఎక్కువ అవుతయి. గోలేటి టౌన్‌షిప్‌లో ఒకట్రెండు వరుసల క్వార్టర్లు, కాదంటే ఏదో ఒక ఊరి మాలవాడ, మాదిగవాడ కలిపితే అన్ని ఓట్లుంటయి.

ఎలక్షన్లు రాంగనే వాడకొచ్చి, "మీ నాలుగు ఓట్లతోని ఏమైతది, ఊరంతా అటే వేస్తున్నది, మీరూ అటే గుద్దుండ్రి" అని చెప్పే పెద్దమనుషులు ప్రతి ఊళ్లో ఉన్నరు. వాళ్లు ఈసారి వచ్చినప్పుడు ఈ అంకె చెప్పండి. కర్ణాటకలో సంతెమరహళ్లి అనే ఎస్సీ రిజర్వుడు స్థానం ఉండేది. 2004లో అక్కడ ధ్రువనారాయణ గెలిచింది ఒకే ఒక్క ఓటుతో. ఓడిన కృష్ణమూర్తి కారు డ్రైవర్‌కే ఆ రోజు ఓటేసే తీరిక దొరకలేదని చెప్పుకుంటారు. స్టీరింగు పట్టుకున్నోని ఓటు ఎంత బరువో, వెనక సీట్ల కూసున్నోళ్లకు లెక్కింపు నాడు గాని తెలువది.

సరే, ఓటుకు బలమున్నది. మరి ఆ బలం ఎటు పోయింది? గెలిచిన మూడు నెలలు నిండకముందే, 2019 మార్చి మొదట్లో, తాను ఓడించిన పార్టీలోకే పోతున్నట్టు సక్కు ప్రకటించారు. ఆదివాసీల సమస్యల కోసమే అన్నారు. ఆ సమస్యలకు అధికార పార్టీయే దారి అనుకుంటే ఆ మాట ఓటుకు ముందు చెప్పాల్సింది. అటు 65 వేల మంది వద్దన్న మనిషి, ఇటు 65 వేల మంది వద్దన్న పార్టీ ఒక్కటైపోయినంక, ఓటేసినోళ్లను ఎవరడిగిండ్రు? గోలేటిలో ఒక మీటింగన్న పెట్టి అడిగిండ్రా?

అదే ఏడు జూన్ 6న 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో "విలీనం" అయినట్టు స్పీకర్ గుర్తించారు. ఆ పార్టీకి గెలిచింది 19 మంది, ఒకరు ఎంపీగా గెలిచి రాజీనామా చేశారు, మిగిలింది 18. అందులో మూడింట రెండు వంతులంటే సరిగ్గా పన్నెండు. పదో షెడ్యూల్ ప్రకారం ఒక్కడు పోతే ఫిరాయింపు, పన్నెండు మంది కలిసి పోతే విలీనం. ఒక్కడు ఒక గొర్రెను ఎత్తుకపోతే దొంగతనమట, నలుగురొచ్చి మందనే తోలుకపోతే బేరమట!

సక్కు ఆదివాసీ కాబట్టి ఆయన్ను ఆడిపోసుకోవడం అందరికీ తేలికే. మేము ఆ పని చెయ్యం. ఆ పన్నెండు మందిలో రెడ్డి నాయకులు తక్కువేం లేరు. పోయినవాళ్లలో సబితా ఇంద్రారెడ్డికి మంత్రి పదవి వచ్చింది. ఆసిఫాబాద్ ఆదివాసీ ఎమ్మెల్యేకు మాత్రం 2023లో అసెంబ్లీ టికెట్టే ఇవ్వలేదు. అది మళ్లీ కోవ లక్ష్మికి ఇచ్చారు, 171తో ఓడిన ఆమె ఈసారి 22 వేల పైచిలుకుతో గెలిచారు. సక్కును 2024లో ఆదిలాబాద్ ఎంపీ స్థానంలో నిలబెట్టారు, ఓడిపోయారు. రిజర్వుడు సీటులో మనిషి మనోడే. టికెట్టు రాసే చెయ్యి మాత్రం మనది కాదు. చెయ్యి ఎవరిదో మనిషి వాళ్ల దిక్కే చూస్తడు.

బాబాసాహెబ్ ఈ చిక్కును 1932లోనే చూశారు. దళితుల ప్రతినిధిని దళితులే ఎన్నుకునే నియోజకవర్గాలు, దానికితోడు సాధారణ నియోజకవర్గంలో ఇంకో ఓటు, మొత్తం రెండు ఓట్లు ఆ ఏడు ఆగస్టులో వచ్చిన నిర్ణయంలో దక్కాయి. గాంధీ నిరాహారదీక్షకు దిగారు. సెప్టెంబర్ 24న పూనాలో సంతకాలు పడ్డాయి. సీట్లు పెరిగి 148 అయ్యాయి, ఎన్నుకునే పెత్తనం చేజారింది. మన ఆసిఫాబాద్ 2009కి ముందు ఎస్సీ రిజర్వుడు, ఆ తర్వాత ఎస్టీ రిజర్వుడు. సింగరేణి కార్మికుడిగా మొదలైన గుండా మల్లేశ్ లాంటి వాళ్లు ఇక్కడి నుంచే అసెంబ్లీకి పోయారు. కానీ అట్లాంటి వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇగ ఓట్ల లెక్కింపు సంగతి. ఇంత సన్నటి తేడా వస్తే ఏం చెయ్యాలన్నదానికి అమెరికాలో జరిగిన ఒక కథ చెప్పుకోవాలి. అక్కడ గవర్నర్ అంటే మన దగ్గరి లెక్క ఢిల్లీ నుంచి వచ్చే మనిషి కాదు. మన ముఖ్యమంత్రి లాంటి అధికారం, జనమే నేరుగా ఎన్నుకుంటరు. 2004లో వాషింగ్టన్ రాష్ట్రంలో సుమారు 28 లక్షల ఓట్లు పడ్డాయి. మొదటి లెక్కలో రిపబ్లికన్ డినో రోసీ 261 ఓట్ల ముందు. తేడా అంత తక్కువైతే చట్టం ప్రకారం మళ్లీ లెక్కించాల్సిందే. మిషన్లతో లెక్కిస్తే తేడా 42కి దిగింది. డెమోక్రాట్లు డబ్బు కట్టి మూడోసారి చేతితో లెక్క పెట్టించారు. అప్పుడు క్రిస్టీన్ గ్రెగోయర్ 129 ఓట్ల ముందుకొచ్చారు. కింగ్ కౌంటీ అనే చోట సంతకం సరిపోల్చే కాగితం దొరకలేదని పక్కన పడేసిన 700 పైచిలుకు ఓట్లు బయటపడ్డాయి. అవి కూడా చూడాల్సిందేనని రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. ఓడినాయన కోర్టుకు పోతే 2005 జూన్‌లో తీర్పు వచ్చేసింది. ఏడు నెలల్లో అంతా తేలింది.

అమెరికా స్వర్గమని మేము చెప్తలేము. అక్కడి నల్లవాళ్లకు ఓటు హక్కు నిజంగా చేతికందడానికి 1965 దాకా పట్టింది. మూడోసారి చేతితో లెక్కించడానికి లక్షల డాలర్లు కట్టగలిగిన పార్టీ ఉండాలె, అది కూడా నిజమే. అయినా పక్కన పడేసిన ఓటును తిరిగి తీసి చూసిండ్రు.

మన దగ్గరేమైంది? గోదావరిఖని అవతల ధర్మపురి, ఎస్సీ రిజర్వుడు. అదే 2018 ఎన్నికలో కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతో గెలిచారు. లెక్కింపు మీద అనుమానముందని అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ హైకోర్టుకు పోయారు. కాగితాలు తెమ్మని కోర్టు అంటే, 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్‌రూం దగ్గరికి పోయి చూస్తే తాళంచెవులు లేవు! చివరికి కోర్టు ఆదేశంతో తాళాలు పగలగొట్టారు. అప్పటికి నాలుగేళ్లు దాటింది, అయిదేళ్ల పదవి ఒడిసిపోవస్తున్నది. ఎవరిది న్యాయం అని మేము తీర్పు చెప్పడం లేదు. ఇద్దరూ దళితులే. 2023 ఎన్నికలో లక్ష్మణ్‌కుమార్ గెలిచారు, ఇప్పుడు మంత్రి కూడా. ఓట్ల కాగితాలున్న గది తాళంచెవి పోయిందంటే, అది ఏ ఒక్కరి ఇంటి సంగతి కాదు.

ఇంకో మాట. 2018 డిసెంబర్ 7 పోలింగు నాడు కార్డు పట్టుకొని పోయి, జాబితాలో పేరు లేక తిరిగొచ్చినోళ్లు రాష్ట్రమంతటా ఉన్నరు. ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. క్షమాపణతోని ఓటు పడదు గదా. 2025లో బీహార్‌లో జాబితా సవరణ పేరిట ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేకుండా పోయినయి. ఆ పేర్లు బయటపెట్టుమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. బొగ్గు బెల్టులో ఇది మరీ ఎక్కువ. రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినోళ్లు, బాయి మూతపడితే వేరే ఏరియాకు బదిలీ అయినోళ్లు, ఓపెన్‌కాస్టులో మట్టి తీసే ప్రైవేటు కంపెనీల దగ్గర పనిచేసే కాంట్రాక్టు కూలీలు, వీళ్లందరి అడ్రసు మారుతనే ఉంటది. కాంట్రాక్టు కార్మికులకైతే సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఓటే లేదు. 2023 డిసెంబర్‌లో ఏఐటీయూసీ 1,999 ఓట్ల తేడాతో గెలిచినప్పుడు వాళ్లు బయట నిలబడి చూసినోళ్లే. ఉన్న ఒక్క అసెంబ్లీ ఓటన్నా పోగొట్టుకోవద్దు.

ఊళ్లల్ల సంఘాలు పెట్టుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఇది. ఓటరు జాబితాను అంబేడ్కర్ విగ్రహం దగ్గర కూసోని పేరు పేరునా చదవండి. లేని పేరుకు ఫారం 6 నింపించండి. ఎవరన్నా ఫారం 7 వేసి మనోళ్ల పేరు తీసెయ్యమన్నరా, కనుక్కోండి. పోలింగు నాడు జీతంతో సెలవు కాంట్రాక్టు కూలీకి కూడా ఉంది, ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి చదివి కాంట్రాక్టరుకు చూపించండి. ఏజెంటుగా కూసున్నోడు పోలింగ్ ముగిసినంక సంతకం పెట్టిన 17సీ కాగితం చేతపట్టుకోకుండా బూతు విడిచి రావద్దు. ఎన్ని ఓట్లు పడ్డయో అందులో ఉంటది. తేడా తక్కువున్నప్పుడు ఫలితం ప్రకటించకముందే రాతపూర్వకంగా మళ్లీ లెక్కించమని అడగాలె. హైకోర్టుకు పోవాల్సి వస్తే 45 రోజులే గడువు.

వచ్చే ఎన్నికల్లో వాడకొచ్చే అభ్యర్థిని, ఏ పార్టీ అయినా సరే, ఒకటే అడగండి: గెలిచినంక పార్టీ మారాల్సొస్తే ముందు రాజీనామా చేసి మళ్లీ మా దగ్గరికొస్తవా, రావా? 2023లో 268 ఓట్లతో చేవెళ్ల ఎస్సీ సీటు గెలిచిన కాలె యాదయ్య 2024 జూన్‌లో కాంగ్రెస్‌లో చేరారు. ఆయన లాంటి వాళ్ల సంగతి మూడు నెలల్లో తేల్చాలని 2025 జులైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. అందుకే ఆ జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద, నలుగురి ముందు, సంతకంతో తీసుకోండి. ఆ కాగితం వాడలోనే ఉండాలె.