పెరటి కోడికి లెక్కెవరు రాస్తారు?

2025 ఫిబ్రవరి గుర్తుందా? తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు, ఉంగుటూరు మండలం బాదంపూడి. ఫారాల్లో కోళ్లు గుట్టలుగా చచ్చిపోతే శాంపిళ్లు భోపాల్ ల్యాబుకి పంపారు. బర్డ్ ఫ్లూ అని తేలింది. ఫారం చుట్టూ కిలోమీటరు రెడ్ జోన్, 10 కిలోమీటర్ల దాకా నిఘా. కోళ్లు, గుడ్ల రాకపోకలు బంద్, చికెన్ కొట్లు బంద్.

ఒక సంగతి గమనించండి. 2022 ఏప్రిల్ దాకా ఈ మూడూ ఒకటే జిల్లా. ఇప్పుడు వేల్పూరు పశ్చిమ గోదావరి, కానూరు తూర్పు గోదావరి, బాదంపూడి ఏలూరు. తాడేపల్లిగూడెంలో బయల్దేరిన కోళ్ల వ్యాను టీ చల్లారేలోపు ఇంకో జిల్లాలో ఉంటుంది. ఒక కలెక్టరు ఆర్డరు మాత్రం సరిహద్దు దాటదు.

జబ్బుని ఆపాల్సిందే. కోళ్లని చంపక తప్పకపోతే చంపాల్సిందే, దానికి అడ్డు చెప్పడం లేదు. మా గొడవ వేరు. పశువుల అంటువ్యాధుల మీద 2009లో వచ్చిన కేంద్ర చట్టం ఏమంటుంది? జబ్బు అనుమానమొస్తే యజమాని గ్రామాధికారికో పంచాయతీకో చెప్పాలి, అక్కణ్ణుంచి కబురు పశువుల డాక్టరుకి వెళ్లాలి. రాజ్యాంగం 11వ షెడ్యూల్లో నాలుగో అంశమే పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకం. కానీ జబ్బు వచ్చినప్పుడు పంచాయతీకి మిగిలేది దండోరా వేయించడం, బ్లీచింగ్ చల్లించడం!

పరిహారం సంగతి ఇంకా ఘోరం. సర్కారు మనుషులొచ్చి చంపిన కోడికే డబ్బులు. అంతకుముందే చచ్చిపోయినదానికి పైసా లేదు. ఫారం ఆసామికి రిజిస్టరుంటుంది, దాణా బిల్లులుంటాయి. ఎరుకల, యానాది పేటల్లో ఆడోళ్లు రాత్రి గంప కింద మూసే నాలుగు నాటుకోళ్లకి ఏ బిల్లుంది? పిల్లకి జొరమొస్తే మందులకి అమ్మేది ఆ కోడినే కదా.

పైగా నింద కొల్లేటి పక్షుల మీదికి పోతుంది. వలస పక్షులు వైరస్ మోస్తాయి, నిజమే. మరి ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి మోసేదెవరు? గుడ్ల ట్రేలు, వ్యాన్లు, చెప్పులు, కాలవలో పడేసిన చచ్చిన కోళ్లు. సంక్రాంతికి పందెం పుంజులు జిల్లాలు దాటి తిరుగుతాయి. వాటినాపే చెక్‌పోస్టు మీరెప్పుడైనా చూశారా? పెద్దోళ్ల పుంజులు కదా!

బుట్టాయగూడెం, జీలుగుమిల్లి లాంటి ఏజెన్సీ మండలాల్లో పీసా చట్టం (1996) ఉంది. ఊరి సంతల అజమాయిషీ గ్రామసభ, పంచాయతీలది. సంత మూయాలంటే ముందు వాళ్లని కూర్చోబెట్టి చెప్పాలి, ఎన్నాళ్లో చెప్పాలి. కొల్లేటి గట్టు మీద మనోళ్లకి ఆ చట్టం కూడా లేదు, షెడ్యూల్డ్ ప్రాంతం కాదు గనక. వాళ్లకున్నదల్లా మామూలు పంచాయతీ.

అందుకే జబ్బు రాకముందే లెక్క రాయించండి. ఏ ఇంట్లో ఎన్ని కోళ్లు, మేకలు, పందులు ఉన్నాయో ఒక కాగితం మీద రాసి గ్రామసభలో చదివించండి. సర్పంచి, కార్యదర్శి సంతకాలు, ముద్ర పడాలి. ఒక కాపీ సచివాలయంలో పశుసంవర్ధక సహాయకుడికిచ్చి, అందినట్టు రాయించుకోండి. తీసుకోనంటే ఆ మాటే తీర్మానం పుస్తకంలో ఎక్కించమనండి. కొల్లేటికి పక్షులొచ్చే చలికాలం లోపే ఇది అయిపోవాలి.