కల్ అంటే ఏ రోజు, జనాబ్?

ఉర్దూలో ఒక తిరకాసు ఉంది. నిన్నకీ కల్ అంటాం, రేపటికీ కల్ అంటాం. మా ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ 'సబక్ కబ్ రే?' అంటే 'కల్ సాబ్' అనేవాళ్లం. నిన్ననే రాశామో, రేపు రాస్తామో ఆయన తేల్చుకునేలోపు గంట కొట్టేసేవారు. నవ్వొస్తుంది గానీ, ఆ ఆదత్ నలభై దాటినా నన్ను వదల్లేదు.

ఈ వాయిదా రోగానికి దవా చెప్పేవాళ్లకు కొదవ లేదు. అయిదింటికి లే, ఫోన్ పక్కన పడేయ్, పెద్ద పనిని చిన్న ముక్కలు చెయ్. సరే. కానీ వీళ్లంతా టాల్‌మటోల్‌ని ఒక్క మనిషి కాహిలీగానే చూస్తారు. ఒకసారి బోధన్ రమ్మనండి.

నిజాం కాలంలో, 1937లో మొదలైంది షక్కర్‌నగర్ కార్ఖానా. ఆసియాలోనే పెద్దదని మా పెద్దలు ఫఖర్‌గా చెప్పుకునేవారు. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటుకి పోయింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ నోటీసు పడింది. తెరిపిస్తామని వాదా చేసిన హుకూమత్ దిగిపోయింది. తర్వాతది 2024 జనవరిలో కమిటీ వేసింది. చిన్నప్పుడు గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్లు, గుర్తుందా? దయ్యం రోజూ వచ్చి, చదువుకుని, వెనక్కి పోయేదట. కార్ఖానా గేటు మీద కంటికి కనిపించకుండా అదే రాసి ఉంది. చదువుకుని వెనక్కి పోయేది మాత్రం దయ్యాలు కాదు, మజ్దూర్లు.

దీని నష్టం ఎలా పెరుగుతుందో చూడండి. చెరకు దాదాపు ఏడాది పంట. గానుగ ఎప్పుడు తిరుగుతుందో తెలియకుండా రైతు చెరకు ఎందుకు నాటుతాడు? వరికి పోతాడు. పోయాడు కూడా. ఇక చెరకే లేదు కదా, కార్ఖానా దేనికి అంటారు పెద్దసార్లు. ఒకరి కల్ ఇంకొకరి కల్‌కి బహానా!

హుకూమత్‌లకి తారీఖ్ పాటించడం రాదా? ఎందుకు రాదు! మా పోచంపాడ్‌కి ఎగువన, మహారాష్ట్రలో బాబ్లీ బరాజ్ ఉంది. జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తే ఉంచాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏటా జులై 1న రెండు రాష్ట్రాల ఇంజనీర్లూ అక్కడ నిలబడతారు, గేట్లు లేస్తాయి. (ఆ రోజుకి గోదావరిలో నీళ్లుంటాయా అన్నది వేరే గోల.) అక్కడ తారీఖ్ ఉంది, ఎదురుగా నిలబడి చూసే మనిషీ ఉన్నాడు. బోధన్‌లో ఎవరు నిలబడుతున్నారు?

ఇక మనవాళ్ల సంగతి. 'ఇన్షా అల్లా' అనేది గట్టి ఇరాదా ఉన్నవాడు అనాల్సిన మాట. మనం దాన్ని 'చేయను' అనడానికి మర్యాదైన ముసుగు చేసి పెట్టాం. పెళ్లి కార్డులు అచ్చేసేవాడు, కుళాయి బాగుచేసేవాడు, నేను, అందరం.

షక్కర్‌నగర్ చాచా ఒకాయన తన బకాయిల గురించి దరఖాస్తు రాసిపెట్టమని నన్ను అడిగారు. ఆయనకి ఉర్దూ తప్ప రాయరాదు. తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణని నా దగ్గరికొచ్చారు. అరపేజీ పని. 'కల్ చాచా' అన్నాను. మళ్లీ వచ్చారు, మళ్లీ కల్. తర్వాత ఆయన అడగడం మానేశారు. నాకు హాయిగా అనిపించింది. శరమ్ పడాల్సింది ఆ హాయికి. కార్ఖానా గురించి హుకూమత్‌ని కడిగేస్తూ కాలమ్‌లు రాసేవాణ్ణి కూడా నేనే మరి.

పోయిన నెల ఆయన ఇంటికి నేనే వెళ్లాను. జుమేరాత్ పొద్దున తొమ్మిదింటికి వస్తానని ఆయన ముందూ, ఆయన కొడుకు ముందూ చెప్పాను. రాకపోతే పత్రికాఫీసుకొచ్చి అందరిముందూ తిట్టమన్నాను. జుమేరాత్ వెళ్లేసరికి చాచా తెల్ల కాగితాలు, పాత పే స్లిప్పులు ముందేసుకుని గుమ్మంలో కూర్చున్నారు. ఎనిమిదింటి నుంచీ ఉన్నారట.